గెజిట్‌లో రెండో తేదీ: మేఘనాద్ సాహా జీవితం



ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి నాలుగు పేజీలు రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. గాంధీగారి గురించి, ప్రకాశం పంతులుగారి గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక శాస్త్రవేత్త గురించి రాయదలచుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి ఆకాశంలో నక్షత్రాలతో పనేమిటని మీరు అడగవచ్చు. చెబుతాను.

మా మనవరాలు యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎం.ఎస్సీ. చదువుతోంది. కిందటి వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు వరండాలో కూర్చుని పరీక్షకు చదువుకుంటోంది. ఏమిటమ్మా అంత దీక్షగా చదువుతున్నావంటే, సాహా సమీకరణం తాతయ్యా అంది. ఏ సాహా, మేఘనాద్ సాహాయేనా, క్యాలెండరు కమిటీ అధ్యక్షుడు అన్నాను. అది నోరు తెరిచి నా వంక చూసింది. సాహా క్యాలెండరుకు పనిచేశాడని దానికి తెలియదు. సాహా నక్షత్రాల మీద పనిచేశాడని నాకు అంతగా తెలియదు. ఒక మనిషి జీవితంలో సగం దాని దగ్గర, సగం నా దగ్గర ఉండిపోయాయి. ఆ సెలవులంతా ఇద్దరం కలిసి రెండు సగాలను అతికించాం. దాని ఫలితమే ఈ వ్యాసం.

సాహా 1893 అక్టోబరు 6న తూర్పు బెంగాల్‌లో, ఢాకాకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని శియోరాతలి అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. పుట్టిన రాత్రి పెద్ద గాలివాన అట. అందుకే మేఘాల పేరు కలిసేటట్లు పెట్టారంటారు. తండ్రి జగన్నాథ్ సాహాగారికి చిన్న పచారీ కొట్టు. తల్లి భువనేశ్వరీ దేవి. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఐదోవాడు. కొడుకు నాలుగు అక్షరాలు, కొట్టు లెక్కలు నేర్చుకుంటే చాలునని తండ్రి అనుకున్నారు. ఆ ఇంటి పరిస్థితికి అది తప్పు కాదు కూడా.

ఊళ్లో ఉన్నది ప్రాథమిక పాఠశాల మాత్రమే. పై చదువుకు ఏడు మైళ్ల దూరంలోని సిమూలియా వెళ్లాలి. అక్కడ ఉండడానికి, తినడానికి డబ్బు లేదు. అప్పుడు పెద్దన్నయ్య జయనాథ్ పూనుకుని, సిమూలియాలోని అనంత కుమార్ దాస్ అనే వైద్యుణ్ణి ఆశ్రయించారు. ఆ డాక్టరుగారు పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టారు. దానికి బదులు కుర్రవాడు తన కంచం తాను కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. మన పెద్దల కాలంలో వారాలు చేసుకుని చదువుకున్నవారి కథలు మనం విన్నవే. అటువంటి అన్నం విలువ తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. ఆ మిడిల్ స్కూలు పరీక్షలో మేఘనాద్ ఢాకా జిల్లా మొత్తానికి మొదటివాడుగా వచ్చి, నెలకు 4 రూపాయల స్కాలర్‌షిప్ సంపాదించారు.

1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరారు. అది బెంగాల్ విభజన సమయం. గవర్నరు ఫుల్లర్ దొర వస్తున్నాడని తెలిసి కొందరు విద్యార్థులు నిరసనగా చెప్పులు లేకుండా బడికి వచ్చారు. వారిలో సాహా ఒకరు. దానికి శిక్షగా బడి నుంచి తీసేశారు, స్కాలర్‌షిప్ కూడా పోయింది. పన్నెండేళ్ల కుర్రవాడికి ఒక్క రోజుతో ఉన్న ఆధారమంతా పోయింది. కిశోరీలాల్ జూబిలీ స్కూలువారు చేర్చుకోబట్టి చదువు సాగింది.

మళ్లీ పెద్దన్నయ్యే అడ్డుపడ్డారు. జయనాథ్‌కు అప్పుడు జనపనార కంపెనీలో నెలకు 20 రూపాయల జీతం. అందులోంచి 5 రూపాయలు ప్రతి నెలా తమ్ముడికి పంపేవారు. జీతంలో నాలుగో వంతు! ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి పక్కన పెట్టాను. మా అన్నయ్య కూడా పదో తరగతితో చదువు ఆపి నూనె మిల్లులో లెక్కలు రాశాడు. నేను డిగ్రీ చదివిన మూడేళ్లూ ఒకటో తారీఖు దాటితే ఐదో తారీఖులోపల అన్నయ్య మనియార్డరు వచ్చేది. ఫారం అడుగున రాసుకోవడానికి వదిలిన జాగాలో ఎన్నడూ ఒక్క ముక్క కూడా రాసేవాడు కాదు. రాయడానికి ఏముంది, డబ్బే ఉత్తరం. జయనాథ్ పేరు ఏ భౌతికశాస్త్ర పుస్తకంలోనూ లేదని మా మనవరాలు చెప్పింది. అందుకని ఇక్కడైనా రాస్తున్నాను.

1909లో ఎంట్రన్స్ పరీక్షలో తూర్పు బెంగాల్ విద్యార్థులందరిలో ప్రథముడై, ఢాకా కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. ఢాకాలో ఉండగానే జర్మన్ భాష నేర్చుకున్నారు. అది తర్వాత ఎంత అక్కరకు వచ్చిందో చెబుతాను. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటివారు గురువులు. సత్యేంద్రనాథ్ బోసు సహాధ్యాయి. మహలనోబిస్ ఒక ఏడాది పెద్ద. బి.ఎస్సీ.లో, 1915 నాటి ఎం.ఎస్సీ.లో బోసు మొదటివాడు, సాహా రెండోవాడు.

చదువులో అంతటివాడికి హాస్టలులో మాత్రం అవమానం తప్పలేదు. ఈడెన్ హిందూ హాస్టలులో అగ్రకులాల విద్యార్థులు కొందరు, కొట్టు పెట్టుకునే కులంవాడితో సహపంక్తి భోజనం చేయమని అభ్యంతరం చెప్పారు. ఆయన వేరుగా కూర్చుని తినవలసి వచ్చింది. ఆ గాయం ఆయన మనసులోంచి జీవితాంతం పోలేదు. తర్వాత ఆయన రాసిన వ్యాసాల్లో, కులాన్ని, గుడ్డి నమ్మకాన్ని విమర్శించిన తీరులో ఆ భోజనాల గది జ్ఞాపకం కనిపిస్తుంది. మన ఆఫీసుల్లో కూడా టిఫిన్ క్యారియర్లు విప్పే బల్లలు రెండుగా ఉన్న రోజులు కొన్ని నేను చూశాను. అందుకే దీన్ని దాటవేయకుండా రాస్తున్నాను.

ఇక్కడ మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. ఎం.ఎస్సీ. అయ్యాక సాహా కోరుకున్నది నక్షత్రాలను కాదు, సర్కారు ఉద్యోగాన్ని! ఇండియన్ ఫైనాన్స్ పరీక్ష రాసి ఆర్థిక శాఖలో అధికారి అవుదామనుకున్నారు. ఇంటికి డబ్బు కావాలి, తమ్ముణ్ణి చదివించాలి. కానీ విప్లవకారులతో పరిచయాలున్నాయని ప్రభుత్వం ఆయనకు పరీక్ష రాయడానికి అనుమతి ఇవ్వలేదు. ఆ అనుమతి వచ్చి ఉంటే ఆయన ఆడిట్ అభ్యంతరాలు రాసుకుంటూ, ఇంక్రిమెంట్లు లెక్కపెట్టుకుంటూ మనలాగే రిటైరై పెన్షన్ తీసుకునేవారు. ఆయన దరఖాస్తు తిరస్కరించిన గుమాస్తా ఎవరో గాని, తెలియకుండా దేశానికి మేలు చేశాడు.

జీవనానికి పొద్దున, సాయంత్రం సైకిలు మీద తిరిగి ట్యూషన్లు చెప్పారు. 1916లో కలకత్తాలో అశుతోష్ ముఖర్జీ కొత్తగా యూనివర్సిటీ సైన్స్ కాలేజీని తెరిచి, సాహాను, బోసును లెక్చరర్లుగా తీసుకున్నారు. ఇద్దరికీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. సాహాను మొదట గణిత శాఖలో వేశారు. అక్కడ పొసగక భౌతికశాస్త్ర శాఖకు మారారు. ఎం.ఎస్సీ. గణితంలో చేసినవాడు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పాలి. రేపు చెప్పవలసిన పాఠం ఈ రాత్రి తాను నేర్చుకోవాలి. ప్రయోగశాలలో పరికరాలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల కొత్త పత్రికలు రావడం కష్టం. అప్పుడు జర్మన్ భాష ఉపయోగపడింది. ప్లాంక్, ఐన్‌స్టీన్ వంటివారు రాసినవి మూలంలోనే చదివారు. 1920లో సాహా, బోసు కలిసి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంత వ్యాసాలను ఇంగ్లీషులోకి తర్జుమా చేయగా కలకత్తా యూనివర్సిటీ అచ్చువేసింది. దానికి మహలనోబిస్ పీఠిక రాశారు.

ఆ రోజుల్లోనే ఒక దెబ్బ తగిలింది. కాంతి కూడా వస్తువుల మీద ఒత్తిడి కలిగిస్తుంది, సూర్యుడి ఉపరితలం నుంచి కొన్ని పరమాణువులను అది పైకి నెడుతుంది అనే విషయం మీద సాహా 1917లో ఒక పెద్ద వ్యాసం అమెరికాలోని ఖగోళ భౌతికశాస్త్ర పత్రికకు పంపారు. వ్యాసం పెద్దది కాబట్టి అచ్చు ఖర్చులో కొంత రచయిత భరించాలని వారు రాశారు. లెక్చరర్ జీతంతో ఇల్లు నడిపే మనిషి డాలర్లు ఎక్కడ తెస్తాడు? వ్యాసం ఆగిపోయింది. చివరికి కలకత్తా యూనివర్సిటీవారి సొంత పత్రికలో వేసుకున్నారు. దాన్ని బయటి దేశాల్లో చదివేవారు లేరు. కొన్నేళ్ల తర్వాత ఆ దారిలో ఇంగ్లండులో ఇతరులు చేసిన పనికి పేరు వచ్చింది. డబ్బు లేక ఆలోచన వెనకబడిపోవడం ఎలా ఉంటుందో ఆయన ఆనాడే అనుభవించారు.

అయినా ఆగలేదు. ఇప్పుడు మా మనవరాలు నాకు నేర్పిన పాఠం మీకు చెబుతాను. తప్పులుంటే నావి.

సూర్యుడి వెలుతురును, నక్షత్రాల వెలుతురును పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులా రంగుల పట్టీ వస్తుంది. అందులో సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. ఒక్కొక్క మూలకానికి దాని గీతలు వేలిముద్రల వంటివి. అమెరికాలో హార్వర్డ్ ఖగోళశాలవారు ఆ గీతలను బట్టి రెండు లక్షలకు పైగా నక్షత్రాలను వర్గాలుగా విడదీశారు. రికార్డు సెక్షనులో ఫైళ్లు కట్టలు కట్టినట్లు కట్టలు కట్టారు గాని, ఒక కట్టకూ మరో కట్టకూ తేడా ఎందుకు వచ్చిందో స్పష్టంగా తెలియదు. కొన్ని నక్షత్రాల్లో హైడ్రోజన్ గీతలు గాఢంగా ఉన్నాయి, కొన్నింటిలో ఇనుము, కాల్షియం. అయితే ఒక్కొక్క నక్షత్రం ఒక్కొక్క పదార్థంతో తయారైందా?

సాహా చెప్పిన జవాబు ఇది. పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు ఉంటాయి. వేడి పెరిగితే ఒక ఎలక్ట్రాన్ ఇల్లు విడిచి పోతుంది. దాన్నే అయనీకరణం అంటారు. ఎలక్ట్రాన్ పోయిన పరమాణువు గీతలు మారిపోతాయి. అంతవరకు కొందరికి తెలుసు. సాహా దానికి ఒత్తిడిని కూడా లెక్కలోకి తెచ్చారు. నాకు అర్థం కావడానికి మా మనవరాలు మన ఆఫీసు భాషలో చెప్పింది. పెద్ద ఆఫీసులో ఒక గుమాస్తా బదిలీ అయితే ఆ సీటులోకి వెంటనే ఇంకొకరు వస్తారు. ఎక్కడో అడవిలోని చిన్న ఆఫీసులో సీటు ఖాళీ అయితే ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటుంది. అలాగే వాయువు దట్టంగా ఉన్నచోట పరమాణువుకు మరో ఎలక్ట్రాన్ త్వరగా దొరుకుతుంది. పలచగా ఉన్నచోట దొరకదు. సూర్యుడి పైపొరల్లో వాయువు బహు పలచన. అందుకే అక్కడ ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియం గీతలు అంత ఎత్తున కనిపిస్తాయి. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి, ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయో లెక్క కట్టే సూత్రమే సాహా సమీకరణం. ఆ వ్యాసం 1920 అక్టోబరులో ఇంగ్లండులోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు.

దాంతో నక్షత్రాల కట్టలకు తాళంచెవి దొరికింది. తేడా ముఖ్యంగా పదార్థంలో కాదు, ఉష్ణోగ్రతలో ఉంది. గీతలు చూసి నక్షత్రం ఎంత వేడిదో చెప్పవచ్చు. సూర్యుడిలో రుబీడియం గీతలు కనబడకపోవడానికి కారణం అది లేకపోవడం కాదు, ఆ వేడికి ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఉండడమని, కాస్త చల్లగా ఉండే సూర్యుడి మచ్చల్లో వెతికితే దొరకవచ్చని సాహా సూచించారు. అమెరికాలో రసెల్ అనే శాస్త్రవేత్త వెతికితే అలాగే దొరికింది. 1925లో సిసిలియా పేన్ అనే యువతి సాహా సమీకరణం ఆధారంగానే లెక్కలు వేసి, నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజనేనని తన పరిశోధన గ్రంథంలో చూపించింది. ఇవన్నీ దూరదర్శిని దగ్గర కూర్చుని కాదు, కలకత్తాలో కాగితం మీద వేసిన లెక్క నుంచి మొదలైనవి.

1920లో సాహా ఇంగ్లండు వెళ్లి లండన్‌లో ఫౌలర్ ప్రయోగశాలలో, తర్వాత బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ వద్ద పనిచేశారు. 1921 చివర కలకత్తా తిరిగి వచ్చి ఆచార్యులైనా, పరికరాలకు, సహాయకులకు డబ్బు దొరకలేదు. 1923లో అలహాబాదు యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ పదిహేనేళ్లు. అక్కడా మొదట్లో స్థితి అంతే. పాఠాల భారం ఎక్కువ, ప్రయోగశాల బి.ఎస్సీ. పిల్లల కోసం పెట్టినది, లైబ్రరీలో పుస్తకాలు తక్కువ. 1927లో లండన్ రాయల్ సొసైటీవారు ఫెలోగా ఎన్నుకున్న తర్వాత, సంయుక్త రాష్ట్రాల గవర్నరు ఏడాదికి 5,000 రూపాయల పరిశోధన గ్రాంటు మంజూరు చేశారు. బయటివారు గౌరవిస్తే తప్ప మనవారి ఫైలు కదలదనే సామెత అప్పటికే ఉందన్నమాట.

ఆ శాఖను ఆయన పరిశోధనకు కేంద్రం చేశారు. విద్యార్థులను తయారుచేశారు. వారిలో డి.ఎస్. కొఠారి ఒకరు. 1964లో ఏర్పడిన విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించిన కొఠారిగారే. మన సంఘంలోని ఉపాధ్యాయ మిత్రులకు ఆ పేరు బాగా తెలుసు. శ్రీవాస్తవతో కలిసి సాహా రాసిన ఉష్ణశాస్త్ర గ్రంథం దేశమంతటా కాలేజీల్లో పాఠ్యపుస్తకమైంది. 1930లో అలహాబాదులో ఒక విజ్ఞాన అకాడమీని స్థాపించారు. 1935లో సైన్స్ అండ్ కల్చర్ అనే పత్రికను మొదలుపెట్టారు. నోబెల్ బహుమతికి ఆయన పేరు ఒకటికంటే ఎక్కువసార్లు ప్రతిపాదనకు వెళ్లింది గాని రాలేదు.

1938లో కలకత్తా యూనివర్సిటీలో పాలిత్ ప్రొఫెసరుగా తిరిగి వచ్చారు. ఆ సంవత్సరమే సుభాస్ చంద్ర బోసు కాంగ్రెసు అధ్యక్షుడుగా ఉండగా జాతీయ ప్రణాళిక సంఘం ఏర్పడింది. దాని వెనుక సాహా ప్రోద్బలం ఉంది. నెహ్రూగారు దానికి అధ్యక్షులయ్యారు. చిన్ననాడు వరద నీళ్ల మధ్య పెరిగినవాడు కాబట్టి, నదుల గురించి సాహా ఎన్నో వ్యాసాలు రాశారు. దామోదర్ లోయ పథకానికి ఆయన ఆలోచనలు తోడ్పడ్డాయి. పరమాణు కేంద్రకం మీద పరిశోధనకు సైక్లోట్రాన్ అనే యంత్రం తెప్పించబోతే, యుద్ధంలో కొన్ని భాగాలు తెస్తున్న ఓడ మునిగిపోయింది. అయినా వదలక ప్రత్యేక సంస్థను నెలకొల్పారు. 1950 జనవరిలో మేడం క్యూరీ కుమార్తె ఐరీన్ జోలియో క్యూరీ దాన్ని ప్రారంభించారు. ఈనాడు దాన్ని సాహా ఇన్‌స్టిట్యూట్ అంటారు. 1952 ఎన్నికల్లో కలకత్తా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. యూనివర్సిటీ నుంచి రిటైరైనా ఇంట్లో పడక కుర్చీలో కూర్చోలేదు.

ఇక నా సగం కథ. 1952 నవంబరులో ప్రభుత్వం క్యాలెండరు సంస్కరణ సంఘాన్ని నియమించి సాహాను అధ్యక్షుణ్ణి చేసింది. దేశంలో అప్పటికి సుమారు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయి. ఒకచోట ఏడాది చైత్రంలో మొదలు, ఒకచోట కార్తికంలో. ఒకే పండుగ రెండు రోజులు. సాహా చూపించిన అసలు లోపం ఇంకొకటి. పాత సిద్ధాంతాల్లో లెక్కించిన సంవత్సరం, ఋతువులు తిరిగి రావడానికి పట్టే నిజమైన సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు ఎక్కువ. ఏడాదికి 24 నిమిషాలంటే అరవై ఏళ్లకు ఒక రోజు. ప్రభవ నుంచి అక్షయ దాకా ఒక చుట్టు తిరిగేసరికి ఒక రోజు జారిపోతుందన్నమాట. సూర్యుడు ఉత్తరంగా మళ్లేది డిసెంబరు 22 ప్రాంతంలో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని సంక్రాంతి చేసుకునేది జనవరి 14న. సుమారు 1,400 ఏళ్లలో ఆ 23 రోజుల తేడా పోగుపడింది. వివేకానందస్వామి సంక్రాంతినాడు పుట్టారు. ఆ తేదీ 1863 జనవరి 12. ఇప్పుడు మన సంక్రాంతి 14కో, 15కో వస్తోంది. జారుడు కళ్ల ముందే ఉంది.

పండుగలను ఒక్కసారిగా 23 రోజులు వెనక్కి జరపమని సంఘం చెప్పలేదు. ఇకముందు జారకుండా ఆపమంది. ప్రభుత్వ వ్యవహారాలకు శాలివాహన శకంతో కొత్త క్యాలెండరు సూచించింది. చైత్రం 1 మార్చి 22న వస్తుంది, లీపు సంవత్సరమైతే 21న. చైత్రానికి 30 రోజులు, లీపు సంవత్సరంలో 31. తర్వాతి ఐదు నెలలకు 31 చొప్పున, చివరి ఆరు నెలలకు 30 చొప్పున. 1955లో నివేదిక వచ్చింది. 1957 మార్చి 22, శుక్రవారం, శకం 1879 చైత్రం 1 నుంచి అమలైంది. భారత ప్రభుత్వ గెజిట్ మీద ఇంగ్లీషు తేదీ పక్కన ఉండే రెండో తేదీ ఇదే.

నేను 1972లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. గెజిట్లు వరుసగా కట్టి బైండు చేయించడం నా పనుల్లో ఒకటి. రెండో తేదీ ఏమిటో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. 1975లో రిటైరైన ఒక బడిపంతులుగారు పెన్షన్ బకాయి కోసం పెట్టుకున్న దరఖాస్తు నా టపాలో వచ్చింది. దాని మీద తేదీ వైశాఖం 10, 1897 అని ఉంది. నాకు నవ్వొచ్చింది. పక్క సీటువారికి కూడా చూపించాను. డెబ్బై ఎనిమిదేళ్ల కిందటి తేదీతో దరఖాస్తు వచ్చిందని అందరం నవ్వుకున్నాం. తేదీ సరిచేసి పంపవలసినదని మెమో తయారుచేసి వాపసు పంపాను. సంతకం పైవారిది గాని, చేయి నాది.

రెండు నెలల తర్వాత ఆయనే వచ్చారు. చేతిసంచీ, మడిచిన గొడుగు, దుమ్ము కొట్టుకున్న కాళ్లు. రెండు బస్సులు మారి వచ్చారట. ఆయన కోప్పడలేదు. నా బల్ల మీదే ఉన్న గెజిట్ తీసి, పైన ఉన్న రెండో తేదీ మీద వేలు పెట్టి చూపించారు. నేను రాసింది ప్రభుత్వం వారి తేదీయే కదా బాబూ అన్నారు. 1897లో 78 కలిపితే 1975 అవుతుందని, వైశాఖం 10 అంటే ఏప్రిల్ 30 అని మెల్లగా లెక్క చెప్పారు. ఆ క్యాలెండరు ఎవరు తయారుచేశారో, సాహా ఎవరో మొదట నాకు చెప్పింది ఆయనే. ఆ రోజే ఫైలు కదిపాను. బకాయి మంజూరైంది. అయితే రెండు నెలలు ఆ ఇంట్లో ఎలా గడిచిందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వరుసలో నిలబడ్డప్పుడల్లా, కౌంటరు అవతల ఉన్న కుర్రవాడిలో నేను, ఇవతల నాలో ఆయన కనిపిస్తారు.

సాహా తన క్యాలెండరు అమలు కావడం చూడలేదు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకు వెళుతూ దారిలో గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు అరవై రెండు. చంకలో ఫైళ్లతో, ఆఫీసు దారిలో పోయారు. చైత్రం 1 రావడానికి ఇంకా పదమూడు నెలలు ఉంది.

ఆ క్యాలెండరు జనంలోకి పోలేదని ఒప్పుకోవాలి. నెలల పేర్లు మన చాంద్రమాసాల పేర్లే కావడంతో తికమక. పండుగలు, పెళ్లిళ్లు పాత పంచాంగం ప్రకారమే సాగాయి. అలా చూస్తే అది ఓడిపోయిన పనే. కానీ గెజిట్ మీద ఆ తేదీ ఇప్పటికీ ఉంది. శక తేదీ వేసిన చెక్కును బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు ఆదేశం కూడా ఉంది. ఆయన సమీకరణం మాత్రం ఓడిపోలేదు. నూరేళ్లు దాటినా మా మనవరాలి పరీక్షలో ప్రశ్నగా వస్తూనే ఉంది.

సెలవులయ్యాక అది హాస్టలుకు బయలుదేరుతూ, బండి ఎక్కే ముందు తన నోటు పుస్తకం మొదటి పేజీ చూపించింది. తేదీ రెండు విధాలుగా వేసుకుంది. ఇంగ్లీషు తేదీ, పక్కన శక తేదీ. లెక్క సరిచూశాను. సరిగానే ఉంది. తర్వాత మా అన్నయ్యకు ఫోను చేసి, ఎప్పుడో యాభై ఏళ్ల కిందట చెప్పవలసిన మాట ఒకటి చెప్పాను. ఆయనకు ఎనభై రెండు, వినికిడి తగ్గింది. సరిగా వినబడలేదేమో, భోజనం చేశావా అని అడిగాడు.

మిత్రులారా, మీ ఇళ్లలోనూ ఏ జయనాథో, దరఖాస్తు వాపసు వచ్చిన ఏ పంతులుగారో ఉండే ఉంటారు. వారిని ఒకసారి తలచుకోండి. కౌంటరు దగ్గర మీ వంతు వచ్చినప్పుడు కుర్రవాళ్లకు కోపం లేకుండా లెక్క చెప్పండి. నా వంటివాడు ఒకడు నేర్చుకుంటాడు.

ఇక సెలవు.